గుంటలో దొరికిన ముంత, మా మరిది ప్రాణం

ప్రియ సహోదరీ సహోదరులారా! ఒక మనిషి కళ్ళ ముందు దగ్గి దగ్గి చచ్చిపోతుంటే, అతన్ని దవాఖానకు తీసుకుపోవలసిన ఇంటివాళ్ళు అది మానేసి నన్ను చూసి తలుపులు వేసుకున్న కాలం నుంచి నా సాక్ష్యం మొదలవుతుంది. ఆ మనిషి మా మరిది సత్తయ్య. నా పేరు తెరేజమ్మ, జ్ఞానస్నానానికి ముందు రాజమ్మ. మాది కేతేపల్లి పక్క ఊరు, మగ్గం నేసుకుని బతికేవాళ్ళం. ముందే చెబుతున్నాను, నేను ఓపిక గల మనిషిని కాను. సాక్ష్యం చెప్పేవాళ్ళు కన్నీళ్ళతో చెబుతారు, నాకు ఇన్నేళ్ళ తరువాత కూడా ఈ సంగతి తలుచుకుంటే కన్నీళ్ళ కంటే ముందు విసుగే వస్తుంది, దేవుడు నన్ను అలాగే పుట్టించాడు, అలాగే వాడుకున్నాడు, ఆయనకే మహిమ!

నిజాం రాజ్యం పోయి, ఆ తరువాత మన జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తల్లో జరిగిందిది. సత్తయ్య పెళ్ళికి ముందు సోలాపూర్ మిల్లుల్లో పనిచేసి వచ్చినవాడు. మా అత్త పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు, పెద్దిల్లూ అందులోని మగ్గమూ సత్తయ్యకు వచ్చాయి, మేము పక్క వాడలో ఇంకో మగ్గం పెట్టుకున్నాం. ముందు దగ్గు మొదలైంది, తరువాత పొద్దుగూకగానే జ్వరం రావడం మొదలైంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు మాటిమాటికీ లేచి గోడ పట్టుకుని దగ్గేవాడు, వేసుకున్న అంగీ భుజాల మీద వేలాడేది, చివరికి ఒకరోజు నేస్తున్న చీర మీదనే రక్తం పడింది. ఆ చీరను చూసిన మా ఆయన యోసేపు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

నా పుట్టిల్లు పానగల్. నా కూతుర్ని నేను నల్లగొండలో కన్యస్త్రీల దవాఖానలో కన్నాను, ఆ కాన్పులో పోవలసిన నన్ను ఆ తల్లులు బతికించారు, ఆ దారినే మేమిద్దరం విశ్వాసంలోకి వచ్చాం. అక్కడ ఇలాంటి దగ్గువాళ్ళను పడుకోబెట్టి సూదులిచ్చి పంపడం నా కళ్ళతో చూశాను. అందుకే మా తోటికోడలు లచ్చమ్మ దగ్గరకు పోయి, సత్తయ్యను నల్లగొండకు తీసుకుపోదాం, నేను తోడు వస్తాను అన్నాను. ఆమె సరేనంది, వారం అంగడి దాటాక పోదామంది. ఆ సాయంత్రం జపమాల చెప్పుకుని, ఎవరు వచ్చినా రాకపోయినా నేను మాత్రం అతన్ని తీసుకుపోతానని దేవమాత ముందు నిశ్చయించుకున్నాను. అప్పుడు నా మనసు ఎంత తేలికగా ఉందో!

కానీ మనం అనుకున్నట్టు జరగనిస్తారా మన చుట్టాలు? లచ్చమ్మ వాళ్ళ అన్న ఒకాయన మూసీ అవతలి నుంచి ఒక మంత్రగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మంత్రగాడు ఇల్లంతా కలియదిరిగి, మగ్గం దగ్గర నిలబడి, ఇది రోగం కాదు, బాణామతి, ఎవరో చేసిన చేతబడి, గుంటలో ఉంది తవ్వండి అన్నాడు. మగ్గం విప్పి గుంట తవ్వారు. మూత మీద మట్టి మెత్తిన చిన్న ముంత ఒకటి బయటపడింది. అందులో నల్లబడిన గింజలు, ఎండిన పసుపు కొమ్ము, ఒక వక్క, నల్లటి ఉండగా చుట్టుకుపోయిన పోగు ఉన్నాయి. అది ఆడదాని వెంట్రుకలు అన్నాడు మంత్రగాడు, అవునన్నారు అందరూ!

సహోదరులారా, ఆ ముంత పెట్టింది నేనే. కొత్తగా మగ్గం గుంట తవ్వినప్పుడు ఒక ముత్తయిదువ చేత పసుపు, వక్క, నవధాన్యాలు, మొదటి పడుగు నుంచి తీసిన నూలు పోగు ముంతలో పెట్టించి పూడ్చడం మా ఇంటి ఆచారం. మా అత్త భర్త లేని మనిషి కనుక తన చేత్తో పెట్టకూడదని, పెద్దకోడలినైన నా చేత పెట్టించింది. అప్పటికి మేమింకా విశ్వాసంలోకి రాలేదు, సత్తయ్య సోలాపూర్‌లో ఉన్నాడు, లచ్చమ్మ ఈ ఇంటికి కోడలుగా రానేలేదు. ఈ సంగతి నేనే నోరు తెరిచి చెబితే, అయితే బాణామతి చేసింది నువ్వే అన్నారు. కాదని చెప్పడానికి మా అత్త లేదు. మా ఆయన చెబితే పెండ్లాన్ని వెనకేసుకొస్తున్నాడన్నారు. అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, బుద్ధి తెలిసినప్పటి నుంచి నూలుతోనే బతికే మనుషులు, చీకట్లో చేత్తో తడిమి పోగు ఏ రకానిదో చెప్పగలిగిన మనుషులు, పట్టపగలు నూలు పోగును కళ్ళ ముందు పెట్టుకుని వెంట్రుక అంటారా? ఒక్కసారి విప్పి చూడండయ్యా అని మొత్తుకున్నాను. ముట్టుకుంటే చేయి పడిపోతుందని మంత్రగాడు చెప్పాడట, ఒక్కరూ ముట్టుకోలేదు.

ముంతను లచ్చమ్మ ఇంటి చూరుకు వేలాడదీశారు. పెట్టిన చెయ్యే తీయాలని, పెట్టినామె నలుగురిలో ఒప్పుకుని తన చేత్తో తీసుకుపోతే గాని రోగి లేవడని మంత్రగాడు చెప్పిపోయాడు. దవాఖాన ఊసే లేకుండా పోయింది. మతం మారింది కనుకనే ఇంత పని చేసింది అన్నవాళ్ళు కొందరు, ఆ మతంలో ఇవన్నీ నేర్పుతారట అన్నవాళ్ళు కొందరు. నేను బావి దగ్గరకు పోతే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవాళ్ళు. బాణామతి చేసేదాని ముందరి పళ్ళు పీకితే మంత్రం పారదని ఊళ్ళో మాట్లాడుకుంటున్నారని నా చెవిన పడింది. పెద్దింట్లో సత్తయ్య దగ్గు మాత్రం ఆగలేదు, మా వాడ దాకా వినిపించేది.

మా ఆయనకు భయం పట్టుకుంది. సోలాపూర్ పోదాం, అక్కడ మనవాళ్ళు ఎంతమంది లేరు, మగ్గం ఎక్కడైనా మగ్గమే అన్నాడు. నాకూ ఆ మాట తేనెలా తోచింది. ఛీ, ఈ మూర్ఖుల మధ్య ఎందుకు బతకాలి, వాళ్ళ మనిషిని వాళ్ళే చంపుకుంటామంటే నాకేం పట్టింది అనుకున్నాను. ఇది దేవుడు చూపించిన దారేనని నాకు నేనే చెప్పుకున్నాను, ఐగుప్తు నుంచి తన ప్రజలను బయటికి తెచ్చిన దేవుడు నన్ను ఈ ఊరి నుంచి బయటికి తెస్తున్నాడని ఎంత గొప్పగా అనుకున్నానో!

అప్పట్లో పక్క ఊళ్ళో, మాకు జపాలు నేర్పిన ఉపదేశి గారింట్లో నెలకోసారి దివ్యపూజ జరిగేది. పూజకు వచ్చే గురువులు దూరదేశం నుంచి వచ్చిన ముసలాయన, పుస్తకాల తెలుగు మాట్లాడేవారు, ఒక్కొక్క మాటను కూడబలుక్కుని చెప్పేవారు. నేను పోయి ఏడ్చి, తిట్టి, అంతా చెప్పి, సోలాపూర్ పోవడానికి ఆశీర్వదించండి స్వామీ అన్నాను. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నా లోపల నిప్పులు కురుస్తుంటే ఈయన నిద్రపోతున్నాడా ఏమిటి అనిపించింది. చివరికి కళ్ళు తెరిచి, "అమ్మా, కలతపడిన మనస్సుతో కొత్త నిర్ణయము చేయవద్దు. నీ మనస్సు శాంతిగా ఉన్న దినమున ఏమి నిశ్చయించుకొన్నావు?" అని అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే జవాబు నాకు తెలుసు. సత్తయ్యను దవాఖానకు తీసుకుపోతాననే కదా ఆ రోజు నేను అనుకున్నది! అది ఇప్పుడెలా కుదురుతుంది స్వామీ, నా నీడ పడితేనే తలుపు వేస్తున్నారు అన్నాను. దానికి ఆయన, రెండు ఆలోచనలనూ ప్రతిరోజూ ప్రార్థనలో ప్రభువు ముందు పెట్టు, ప్రార్థన మొదట్లో ఎలా ఉందని కాదు, అయిపోయిన తరువాత మనసులో ఏం మిగిలిందో చూడు, దేవుని నుంచి వచ్చింది మొదట భయపెట్టినా చివరికి నెమ్మదినిస్తుంది, శత్రువు నుంచి వచ్చింది మొదట తియ్యగా ఉండి చివరికి చేదు మిగులుస్తుంది అన్నారు. ఇంతేనా, దీనికోసమా ఇంత దూరం నడిచి వచ్చాను అని సణుక్కుంటూ ఇంటికి పోయాను.

అయినా చెప్పినట్టే చేశాను. రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతూ మంగళవార్త జపాలు చెప్పుకునేదాన్ని. సోలాపూర్ ఆలోచన రాగానే మనసు ఎగిరేది, అక్కడి వీధులు, కొత్త ఇల్లు, నన్ను ఎరగని మనుషులు అన్నీ కళ్ళ ముందు కనిపించేవి. కానీ జపం అయ్యేసరికి నేను లచ్చమ్మను తిడుతూ ఉండేదాన్ని, పళ్ళు కొరుకుతూ ఉండేదాన్ని, నూలు పుటుక్కున తెగేది. దవాఖాన ఆలోచన రాగానే గుండె దడదడలాడేది, ఆ తలుపు, ఆ మంత్రగాడు, నా ముందరి పళ్ళు గుర్తుకొచ్చేవి. కానీ జపం అయ్యేసరికి సత్తయ్య ముఖమే మిగిలేది, రాట్నం దాని పాటికది తిరిగేది. ఎన్నిసార్లు చూసినా అదే. నాకు నచ్చలేదు గాని, నిజం అదే.

అంతలో లచ్చమ్మ వాళ్ళ అన్న కబురు పంపాడు. చేశానని నలుగురిలో ఒప్పుకో, ముంత తీసుకుపో, ఆ తరువాత దవాఖానకే తీసుకుపోతావో ఇంకెక్కడికే తీసుకుపోతావో నీ ఇష్టం అన్నాడు. మా ఆయన ఇక నా కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఒక్క అబద్ధమే కదా, దాంతో నా తమ్ముడు బతుకుతాడు కదా అన్నాడు. సహోదరులారా, ఇది సోలాపూర్ కంటే కష్టమైన శోధన, ఎందుకంటే ఇది మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఒక ప్రాణం కోసం పరువు వదులుకోవడం త్యాగం కాదా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. దాన్నీ ప్రార్థనలో పెట్టాను. జపం అయ్యాక చూసుకుంటే నా మనసులో సత్తయ్య లేడు, త్యాగమూర్తిలా నేను నిలబడి ఉన్నాను, నా చుట్టూ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. అంతేకాదు, ఇవాళ నేను ఒప్పుకుంటే, రేపు ఇంకో ఇంట్లో ఇంకొకరు దగ్గినప్పుడు, తెరేజమ్మ ఒప్పుకోలేదా అని ఇంకో ఆడమనిషిని పట్టుకుంటారు, ఆమెను రక్షించేదెవరు? ఒప్పుకోను, కానీ తీసుకుపోతాను అని నిర్ణయించుకున్నాను. ఎలా తీసుకుపోతానో మాత్రం దేవుడు చెప్పలేదు, ఆయన ఎప్పుడూ అంతే, సగం చెప్పి ఊరుకుంటాడు.

మరునాడు పొద్దున పెద్దింటికి పోయాను. లచ్చమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. లోపల సత్తయ్యకు మాట్లాడే ఓపిక లేదు, ఉన్న ఓపిక దగ్గుకే సరిపోతోంది. ఒప్పుకునేందుకు వచ్చానేమోనని వాడంతా పోగైంది. నేను చెప్పవలసింది మెల్లగా, ప్రేమగా చెప్పాలనే పోయాను, దేవుడే సాక్షి. కానీ చూరుకు వేలాడుతున్న ఆ ముంతను, దాని కింది నుంచి వంగి వంగి పోతున్న ఆ పెద్దమనుషులను చూసేసరికి నాకు పట్టరాని కోపం వచ్చింది. చేయి చాచి ముంతను లాగి, మూత తీసి, పసుపు కొమ్మును పటుక్కున కొరికి, ఆ నల్లటి గింజలు గుప్పెడు నోట్లో పోసుకుని నమిలి మింగాను. ఇది పరిశుద్ధాత్మ ప్రేరణ అని నేను అనను. నా కోపమే. దేవుడు దాన్ని వాడుకున్నాడు, అంత మాత్రమే చెప్పగలను.

"లచ్చవ్వా, చెయ్యంది చేసిన అని చెప్ప. గిది మా అత్త పెట్టమంటె నా చేతుల్తోని పెట్టిన పసుపు. గిండ్ల చావుంటె నాకే రానీ. పొద్దు గూకేదాక నీ అరుగు మీదనే కూసుంట. నాకేం కాకుంటె బండి గట్టు."

అని అక్కడే కూర్చున్నాను. ఇక చూడండి, నేను చచ్చిపోతానా లేదా అని చూడటానికి ఎంతమంది వచ్చారో! ఒక పెద్దమనిషి నాకెదురుగా నులకమంచం వేసుకుని మరీ కూర్చున్నాడు. పసిపిల్లలను చంకనేసుకుని తల్లులు వచ్చారు. ఆ ఇంట్లో మనిషి ఇన్నాళ్ళుగా దగ్గుతుంటే పలకరించడానికి ఒక్కరు రాలేదు, నా చావుకు మాత్రం జాగా చాలలేదు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి పరలోక జపం తప్పులతో చెబుతున్నాడు.

ఎండ నెత్తికెక్కేసరికి నా కడుపులో తిప్పడం మొదలైంది. మొదలవదా మరి, ఏళ్ళ తరబడి మట్టిలో ముక్కిన గింజలు, అదీ పరగడుపున! చెమటలు పట్టాయి, నోట్లో నీళ్ళూరాయి. నేను ఒక్కసారి కక్కితే చాలు, చూశారా బాణామతి అంటారు, సత్తయ్య ఆ ఇంట్లోనే పోతాడు. ఆ అరుగు మీద నేను చేసిన ప్రార్థన ఏ జపాల పుస్తకంలోనూ ఉండదు. "ప్రభువా, నీకిది బాగుందా? తీసుకపొమ్మన్నది నువ్వు. ఎట్ల తీసుకపోవాలెనో చెప్పంది నువ్వు. నా పళ్ళు పోతే పోనీ, నా పరువు పోతే పోనీ, పొద్దు గూకేదాక నా కడుపొక్కటి ఆపు. గా పిల్లగాడు సస్తాండు. నీకు దండం పెడుత, జర ఆపు." ఇదే, మళ్ళీ మళ్ళీ ఇదే. జపమాల పూసలు చేతిలో తడిసిపోయాయి.

దేవుని కనికరం ఎలా వస్తుందని అడుగుతారు. మెరుపులా రాలేదు నాకు. కడుపు నొప్పి పోలేదు. కానీ పశువులు ఇంటికి మళ్ళే వేళ దాకా నేను కక్కలేదు, పడిపోలేదు, లేవలేదు. పొద్దు గూకింది. మంచం వేసుకున్న పెద్దమనిషి మంచం ఎత్తుకుని పోయాడు. ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడు లచ్చమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన కూర్చుంది.

"తాగు అక్కా. బండి గట్టమని చెప్పిన."

తెల్లవారుతూనే బయలుదేరి పెద్ద రోడ్డు దాకా బండిలో, అక్కడి నుంచి బస్సులో, సత్తయ్య తల నా ఒడిలో, కాళ్ళు లచ్చమ్మ ఒడిలో పెట్టుకుని నల్లగొండ చేరాం. కన్యస్త్రీ తల్లి గుండెకు గొట్టం పెట్టి విని, ఎక్స్‌రే ఫోటో తీయించి, క్షయ అని చెప్పింది, ఇంకొంచెం ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళమని మందలించింది. నన్ను మందలిస్తుంది! నేను నోరు మూసుకున్నాను, అది కూడా దేవుని కృపే. సూదులు మొదలుపెట్టారు, నెలల తరబడి ఇవ్వాలన్నారు. మా గురువులు ఒకసారి చూడటానికి వచ్చి రోగి మీద చెయ్యి ఉంచి ప్రార్థించి, తరువాత నన్ను పక్కకు పిలిచి, ఆ గింజలు తినడం దేవుణ్ణి పరీక్షించడమని, ఇంకెప్పుడూ అలా చేయవద్దని పుస్తకాల తెలుగులో తీరిగ్గా చీవాట్లు పెట్టారు. సరే స్వామీ అన్నాను. ఏమనాలి మరి?

ఇంత జరిగినా, సహోదరులారా, నా లోపల ఒక రోగం మిగిలిపోయింది. లచ్చమ్మ మీద కోపం. ఒకే చాప మీద పడుకునేవాళ్ళం, ఒకే గిన్నెలో వండుకునేవాళ్ళం, ఆమె అక్కా అని పిలిచినప్పుడల్లా వినపడనట్టు పొయ్యిలో కట్టె ఎగదోసేదాన్ని. రోజూ ప్రార్థనలో ఈ కోపం తీసేయి ప్రభూ అని అడిగేదాన్ని, తీసేవాడు కాదు. ఒకరోజు మధ్యాహ్నం దవాఖాన వసారాలో బియ్యం ఏరుతూ ఉండబట్టలేక అడిగేశాను, నేను అలాంటిదాన్ని కానని నీకు తెలియదా, నీ పెళ్ళికి పసుపు దంచింది నేను కాదా అన్నాను.

లచ్చమ్మ చేట కింద పెట్టింది. తరువాత నా ముఖం చూడకుండా చెప్పింది.

"తెల్సు అక్కా. రక్తం పడ్డనాడే నాకు క్షయ అని తెల్సు. మా నాయిన గట్లనే పోయిండు. క్షయ వచ్చినోడు బతుకంగ నేను చూడలే. నువ్వు చేసినవంటె తియ్యొచ్చు గద, ఆయన బతుకుతడు గద. నువ్వు చెయ్యలేదంటె ఇగ ఆయన సచ్చినట్టే. అందుకే నువ్వే చేసినవని పట్టుకున్న."

సహోదరులారా! ఇన్నాళ్ళూ నన్ను చంపడానికి వచ్చిందనుకున్న మనిషి, మునిగిపోతూ చేతికి దొరికిన నన్ను పట్టుకుందని అప్పుడు తెలిసింది. నేను ఎన్ని జపాలు చెప్పినా పోని కోపం, ఆ మాట వినగానే ఎటు పోయిందో నాకు తెలియదు, వెతికినా దొరకలేదు. లచ్చమ్మను దగ్గరకు తీసుకుని ఇద్దరం ఆ వసారాలోనే గట్టిగా ఏడ్చాం, లోపలి నుంచి సత్తయ్య, తనకేదో అయిందనుకుని, నేను బాగనే ఉన్న, ఎందుకేడుస్తాండ్రు అని అరిచాడు. అంత గట్టిగా అరవడానికి అతనికి ఊపిరి ఎక్కడిది? అది విని మళ్ళీ ఏడ్చాం. దేవునికే మహిమ! నేను ఒక ప్రాణాన్ని అడిగాను, ఆయన దానితో పాటు నాకు చెల్లెలిని కూడా ఇచ్చాడు.

సత్తయ్య బతికాడు. గాలి వచ్చే చోట, పొడి నేల మీద మగ్గం పెట్టుకుని ఇప్పటికీ నేస్తున్నాడు. లచ్చమ్మ జ్ఞానస్నానం తీసుకోలేదు, తన దేవుళ్ళను తాను కొలుచుకుంటుంది, నా కోసం ఆమె, ఆమె కోసం నేను ప్రార్థన చేసుకుంటాం. ప్రార్థన బతికించిందా సూదులు బతికించాయా అని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు, ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ దవాఖాన గడప దాకా మమ్మల్ని నడిపించింది ఎవరనుకుంటున్నారు?

ఈ మాటలు వింటున్న మీలో ఎవరింట్లోనైనా రోగం ఉంటే, ఎవరి మీదికైనా వేలు లేస్తుంటే, మీ ఆలోచనలను ప్రభువు ముందు పెట్టండి, ఏది తియ్యగా ఉందో కాదు, ఏది నెమ్మదినిస్తుందో చూడండి, మిమ్మల్ని నిందించే మనిషి దేనికి భయపడుతోందో అడిగి తెలుసుకోండి. కనికరం గల ఆ తండ్రిని నమ్మండి, మోకాళ్ళ మీద నమ్మండి. నమ్మి, లేచి, బండి కట్టండి.